ఏజెంట్ 116 ఎక్కడ దొరికిపోయాడు?

గూఢచారి సినిమాలో తప్పులు రెండు చోట్ల ఉంటాయి. గూఢచార సంస్థ లోపల ఏం జరుగుతుందో చూపించే సన్నివేశాల్లో కొన్ని. ఫోను, తుపాకీ, రోడ్డు, కారు నంబరు లాంటి నిత్యం కళ్లెదుట ఉండేవాటిలో కొన్ని. మొదటి రకాన్ని పట్టుకోవడం మామూలు ప్రేక్షకుడి తరం కాదు. విదేశీ గూఢచర్యం చూసే ‘రా’కు 2005 నాటి సమాచార హక్కు చట్టం దాదాపుగా వర్తించదు. 24వ సెక్షన్, రెండో షెడ్యూలు దానికి మినహాయింపు ఇచ్చాయి. లోపలి పద్ధతులు బయటికి రావు కాబట్టి రచయిత ఎంత ఊహించినా కాదనేవాళ్లుండరు. రెండో రకం అలా కాదు. హైదరాబాద్ మదీనాగూడలో బస్సెక్కి హైటెక్ సిటీలో దిగే ఉద్యోగికి నెట్‌వర్క్ ఎలా నడుస్తుందో తెలుసు, సర్వర్ అంటే ఏమిటో తెలుసు, మియాపూర్ దాటాక రోడ్డు ఎలా ఉంటుందో మరీ బాగా తెలుసు. అరవై ఏళ్ల తెలుగు గూఢచారి సినిమా ఎక్కువగా తడబడింది ఈ తెలిసిన వస్తువుల దగ్గరే.

నూటపదహారు వంశం

తెలుగు తెరపై ఈ బాణీకి ఊపు తెచ్చిన సినిమా ‘గూఢచారి 116’. 1966 ఆగస్టు 11న విడుదలైంది. దర్శకుడు ఎం. మల్లికార్జునరావు, నిర్మాతలు సుందర్‌లాల్ నహతా, డూండీ, సంగీతం టి. చలపతిరావు. కృష్ణ హీరోగా పరిచయమైన ‘తేనె మనసులు’ వచ్చి అప్పటికి ఏడాదే అయింది. కథానాయిక జయలలిత. కథ మొదట్లోనే హత్యకు గురయ్యే ఏజెంట్ 303 పాత్రలో కనిపించేది శోభన్‌బాబు. తర్వాతి రోజుల్లో ఒక తరాన్ని పంచుకున్న ఇద్దరు హీరోల్లో ఒకరు చనిపోతే ఆ కేసును రెండోవారు అందుకోవడం ఈ సినిమాలోని అరుదైన విశేషం. అప్పటికి ఇద్దరూ ఆ స్థాయి తారలు కారు కాబట్టే అది సాధ్యపడింది.

జేమ్స్ బాండ్ తొలి చిత్రం ‘డాక్టర్ నో’ 1962లో వచ్చింది. తర్వాత కృష్ణ సినిమా పేరులోకి వచ్చిన 117 అనే అంకెకు మాత్రం అంతకన్నా పాత చరిత్ర ఉంది. ఫ్రెంచ్ రచయిత జాన్ బ్రూస్ సృష్టించిన ఓఎస్ఎస్ 117 అనే గూఢచారి 1949లోనే నవలల్లోకి వచ్చాడు. ఇయాన్ ఫ్లెమింగ్ తొలి బాండ్ నవల 1953లో గాని రాలేదు. కృష్ణ ఆ తర్వాత ‘జేమ్స్ బాండ్ 777’, ‘ఏజెంట్ గోపి’, ‘రహస్య గూఢచారి’ చేసి, 1989లో ‘గూఢచారి 117’ దాకా వచ్చారు. ‘ఆంధ్రా జేమ్స్ బాండ్’ అన్న పేరు ఆయనకు ఊరికే రాలేదు.

116 హిందీకీ వెళ్లింది. అదే నిర్మాతలు మరుసటి ఏడాది ‘ఫర్జ్’ పేరుతో తీశారు. హీరో జితేంద్ర, ఏజెంట్ నంబరు అదే. దర్శకుడు రవికాంత్ నగాయిచ్ అంతకుముందు ఎన్టీఆర్ ‘సీతారామ కళ్యాణం’కు ఛాయాగ్రహణం చేసిన మనిషి. పౌరాణికాల్లో కెమెరా మాయలు చేసిన చెయ్యి గూఢచారి సినిమాకు మారడం పెద్ద దూరమేమీ కాదు. నమ్మలేనిదాన్ని నమ్మించడమే రెండింట్లోనూ పని.

‘గూఢచారి 116’ వచ్చిన యాభై రెండేళ్ల తర్వాత, 2018 ఆగస్టు 3న, శశికిరణ్ తిక్క దర్శకత్వంలో అడివి శేష్ ‘గూఢచారి’ వచ్చింది. హీరో పేరు గోపి, సంస్థ ఇచ్చిన నంబరు 116. రెండూ కృష్ణ సినిమాలకు నమస్కారాలే. శోభిత ధూళిపాళకు తెలుగులో అదే మొదటి సినిమా. 1996లో ‘అక్కడ అమ్మాయి ఇక్కడ అబ్బాయి’లో కథానాయికగా నటించిన సుప్రియ యార్లగడ్డ మళ్లీ తెరపై కనిపించింది ఇందులోనే, ఇరవై రెండేళ్ల విరామం తర్వాత. ఎడిటర్ గ్యారీ బీహెచ్ తర్వాత దర్శకుడై 2023లో నిఖిల్‌తో ‘స్పై’ తీశారు. ఒక గూఢచారి సినిమాను కత్తిరించిన అనుభవంతో ఇంకో గూఢచారి సినిమాకు దర్శకుడు కావడం తెలుగులో అరుదు.

పుట్టని సంస్థకు ఏజెంట్లు

పాత సినిమాలను ఇవాళ పరిచయం చేసేటప్పుడు తరచూ దొర్లే తప్పు ఒకటుంది. 1966 నాటి హీరోను కూడా ‘రా ఏజెంట్’ అనేస్తారు. ‘రా’ పుట్టింది 1968 సెప్టెంబరు 21న, ఆర్.ఎన్. కావ్ నాయకత్వంలో. అప్పటిదాకా దేశం లోపలి నిఘా, బయటి నిఘా రెండూ ఇంటెలిజెన్స్ బ్యూరోవే. 1962 చైనా యుద్ధంలో, 1965 పాకిస్థాన్ యుద్ధంలో సమాచార లోపాలు బయటపడ్డాకే బయటి పనికి వేరే సంస్థ కావాలన్న నిర్ణయం జరిగింది. ‘గూఢచారి 116’ ఆడుతున్న రోజుల్లో తెలుగు ప్రేక్షకుడికి గూఢచారి అంటే సీఐడీయే. ఆ మాట ఆ కాలానికి సరైనదే. తప్పు సినిమాది కాదు, దానికి తర్వాత అంటించిన చీటీది.

కొత్త సినిమాల్లో పొరపాటు ఇంకో రకం. ‘రా’ అధికారి కార్డు చూపించి నడిరోడ్డు మీద నిందితుడికి బేడీలు వేస్తాడు. ‘రా’ కేబినెట్ సచివాలయం కింద పనిచేసే విభాగం. దానికి అరెస్టు చేసే అధికారం లేదు. ఇంటెలిజెన్స్ బ్యూరోకూ లేదు. సమాచారం సేకరించి అందజేయడం వరకే వాటి పని, అరెస్టు పోలీసులది. ఉగ్రవాద కేసుల కోసం జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) 2008 డిసెంబరులో, ముంబై దాడుల తర్వాత, ప్రత్యేక చట్టంతో వచ్చింది. అంటే 2005లో జరిగినట్టు చెప్పే కథలో ఎన్ఐఏ జాకెట్లు కనిపిస్తే అది కాలదోషం.

ఉద్యోగ నియామకాల దగ్గర కూడా ఇదే తికమక. ‘గూఢచారి’లో హీరో నిఘా సంస్థల్లో చేరాలని దరఖాస్తు మీద దరఖాస్తు పెడతాడు. ఇందులో సగం నిజం ఉంది. ఇంటెలిజెన్స్ బ్యూరో అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్ ఉద్యోగాలకు బహిరంగంగానే ప్రకటన ఇస్తుంది, పరీక్ష పెడుతుంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో దానికి చదివేవాళ్లు ఏటా ఉంటారు. ‘రా’ అధికారులు మాత్రం ఎక్కువగా పోలీసు, ఇతర కేంద్ర సర్వీసుల నుంచి డెప్యుటేషన్ మీద, లేదా సివిల్ సర్వీసులో చేరిన యువ అధికారుల నుంచి ఎంపికై వస్తారు. శేష్ బృందం దీన్ని తెలివిగా దాటింది. కథను ‘రా’లో పెట్టకుండా ‘త్రినేత్ర’ అనే కల్పిత సంస్థను సృష్టించింది. లేని సంస్థకు నియమాలు రచయితే రాసుకోవచ్చు. ఈ బాణీలో ఇంతకన్నా మంచి రక్షణ లేదు.

ఆ రక్షణ అవసరం రోజురోజుకూ పెరిగింది కూడా. 2020 జులైలో రక్షణ శాఖ సెన్సార్ బోర్డుకు లేఖ రాసింది. సైన్యం నేపథ్యంలో తీసే సినిమాలు, సిరీస్‌లు ముందుగా తమ నిరభ్యంతర పత్రం తీసుకునేలా చూడాలని కోరింది. యూనిఫాం మీద పతకం తప్పు వరుసలో ఉన్నా అభ్యంతరం వచ్చే పరిస్థితి. కల్పిత దళానికి ఆ చిక్కు లేదు.

“ఇంకో నిమిషం మాట్లాడించండి”

విలన్ ఫోన్ చేస్తాడు. పోలీసు అధికారి సైగ చేస్తాడు. హీరోయిన్ తండ్రి చెమటలు కక్కుతూ మాట పొడిగిస్తాడు. సరిగ్గా ట్రేస్ అయ్యే క్షణంలో అవతల ఫోన్ పెట్టేస్తారు. తెలుగు సినిమాలో ఇంతగా అరిగిపోయిన సన్నివేశం ఇంకొకటి లేదు.

దానికి ఒకప్పుడు ఆధారం ఉండేది. పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కాల్ నడిచినంతసేపూ లోహపు స్విచ్చులు ఒకదానికొకటి తగులుకుని ఉంటాయి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే మెకానిక్ ర్యాకుల మధ్య నడుస్తూ ఆ స్విచ్చులను వెనక్కి చూసుకుంటూ పోవాలి. వేరే ఎక్స్ఛేంజీ అయితే అక్కడివాళ్లకు చెప్పి వాళ్లచేత చూపించాలి. ఫోన్ పెట్టేస్తే స్విచ్చులు విడిపోతాయి, జాడ పోతుంది. 1984లో ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ ఏర్పడి, ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలు ఊరూరా వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. కాల్ కలిసిన వెంటనే ఎవరి నుంచి ఎవరికన్నది యంత్రమే నమోదు చేసుకుంటుంది. సెల్‌ఫోన్ యుగంలో కూడా హీరోలు నిమిషం లెక్కపెడుతున్నారంటే, ఆ లెక్క పాత సినిమాల నుంచి నేర్చుకున్నదే.

ఇక టవర్ లొకేషన్. తెర మీద ఎర్రచుక్క నేరుగా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో, విలన్ కూర్చున్న కుర్చీ మీద వెలుగుతుంది. మదీనాగూడలో ఒక మేడపై టవర్ ఉందనుకుందాం. దానికి సాధారణంగా మూడు వైపులా యాంటెన్నాలు ఉంటాయి, ఒక్కోటి సుమారు 120 డిగ్రీల మేర చూస్తుంది. ఫోన్ మాట్లాడుతున్నప్పుడు అది ఏ టవర్ కింద, ఏ వైపు యాంటెన్నా కింద ఉందో నెట్‌వర్క్‌కు తెలుస్తుంది. టూజీలో సంకేతం వచ్చిపోయే వ్యవధిని బట్టి దూరం కూడా అంచనా కడతారు, కానీ ఆ కొలత సుమారు 550 మీటర్ల మెట్లలో ఉంటుంది. ఫోర్‌జీలో మెట్టు 78 మీటర్లకు తగ్గింది. మదీనాగూడలో అన్ని మీటర్ల పరిధి గల వంకర ముక్క గీస్తే అందులో ఎన్ని అపార్ట్‌మెంట్లు, ఎన్ని పీజీ హాస్టళ్లు, ఎన్ని వందల ఫ్లాట్లు పడతాయో ఆ ప్రాంతం తెలిసినవాళ్లు ఊహించుకోగలరు. టవర్ డేటా అనుమానితుడి వీధిని చూపిస్తుంది. తలుపు తట్టాల్సింది మాత్రం కానిస్టేబుళ్లే.

ఫోన్ వినడం అనే విషయం మీదే నడిచిన సినిమా మహేశ్‌బాబు ‘స్పైడర్’, మురుగదాస్ దర్శకత్వంలో 2017 సెప్టెంబరు 27న వచ్చింది. 116గా కనిపించిన కృష్ణ కొడుకు అర్ధ శతాబ్దం తర్వాత గూఢచారి కావడం అభిమానులకు తీపి గుర్తు. ఆ సినిమాను తెలుగు, తమిళాల్లో ఏకకాలంలో తీశారు. అందులో హీరో శివ ఇంటెలిజెన్స్ బ్యూరోలో ఫోన్లు వినే విభాగం ఉద్యోగి. సొంతంగా రాసుకున్న సాఫ్ట్‌వేర్‌తో ఆపదలో ఉన్నవాళ్ల మాటలు ఏరి పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్లి సాయం చేస్తాడు. భావం మంచిదే, కథకు బలమూ ఉంది. చట్టం దృష్టిలో మాత్రం హీరో చేసే ప్రతి పనీ నేరమే. అప్పటికి అమల్లో ఉన్న 1885 టెలిగ్రాఫ్ చట్టం ఐదో సెక్షన్ ప్రకారం ఫోన్ వినాలంటే ప్రజా అత్యవసరమో ప్రజా భద్రతో కారణం కావాల్సి ఉండేది. 1996లో పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు దీనికి గట్టి కట్టుబాట్లు పెట్టింది. తర్వాత వచ్చిన 419-ఎ నిబంధన ప్రకారం కేంద్ర లేదా రాష్ట్ర హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాల్సింది. ఒక ఉత్తర్వు అరవై రోజులే చెల్లుతుంది, పొడిగించినా మొత్తం 180 రోజులు దాటకూడదు, పైన సమీక్ష కమిటీ చూడాలి. ఇవన్నీ ఒక్కో నంబరుకు ఇచ్చే అనుమతులు. ఊరంతటి మాటలను వలేసి వడకట్టడానికి ఇచ్చేవి కావు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం, 2024 డిసెంబరు నిబంధనలు వచ్చాక కూడా పై అధికారి ఉత్తర్వు అన్న మూల సూత్రం మారలేదు.

సినిమా చట్టం పాఠం చెప్పాల్సిన పని లేదన్నది నిజమే. అయినా ఆ ఉల్లంఘనకు హీరో ఒక్కసారైనా జవాబు చెప్పుకోవాల్సి వచ్చి ఉంటే కథ ఇంకా పదునెక్కేది. మంచి పని కోసం వినేవాడు, చెడ్డ పని కోసం వినేవాడు ఒకే కుర్చీలో కూర్చుంటారన్న భయం, ఫోన్ ట్యాపింగ్ కేసు చూసిన తెలంగాణలో ఊహ కాదు.

పెద్దది చేసి చూపించు

సీసీ కెమెరా దృశ్యం మసకగా ఉంటుంది. హీరో “జూమ్” అంటాడు. ఇంకోసారి అంటాడు. కారు నంబరు అద్దంలా తేలుతుంది. ఈ తప్పును కూడికలు, భాగాహారాలతో పట్టుకోవచ్చు.

మామూలు హెచ్‌డీ కెమెరా బొమ్మ అడ్డంగా 1920 చుక్కలు. మదీనాగూడ దగ్గర హైవేను, రెండు వైపుల వాహనాలతో సహా, ఇరవై మీటర్ల వెడల్పున ఒకే కెమెరా చూస్తోందనుకుంటే మీటరుకు 96 చుక్కలు వస్తాయి. కారు హై సెక్యూరిటీ నంబర్ ప్లేటు పొడవు 500 మిల్లీమీటర్లు. అంటే ప్లేటు మొత్తానికి 48 చుక్కలు. రాష్ట్రం, జిల్లా, వరుస, అంకెలు కలిపి పది అక్షరాలు. ఒక్కో అక్షరానికి ఐదు చుక్కలు కూడా రావు, అంచులు తీసేస్తే నాలుగు. నాలుగు చుక్కల్లో ‘8’కీ ‘3’కీ తేడా ఉండదు. అదే దృశ్యంలో మనిషి ముఖానికి దక్కేది పదిహేను చుక్కలు. ఎంత పెద్దది చేసినా అవే చుక్కలు పెద్ద గళ్లవుతాయి తప్ప, కెమెరా పట్టుకోని సమాచారం కొత్తగా పుట్టదు. అందుకే నంబర్లు చదివే కెమెరాలను ఒక్కో లేన్‌కు ఒకటి చొప్పున బిగిస్తారు. మూడున్నర మీటర్ల లేన్‌ను అదే కెమెరా చూస్తే అక్షరానికి ఇరవై ఏడు చుక్కలు వస్తాయి, చదవడం సులువు.

కృత్రిమ మేధతో మసక బొమ్మను స్పష్టం చేసే పరికరాలు వచ్చాయి కదా అన్న ప్రశ్న సహజం. అవి లేనిదాన్ని ఊహించి నింపుతాయి. బొమ్మ అందంగా వస్తుంది, కానీ అందులో కనిపించే నంబరు ఆ కారుదేనన్న హామీ ఉండదు. దర్యాప్తులో అది అనుమానానికి పనికొస్తుందేమో గాని సాక్ష్యానికి సరిపోదు.

దృశ్యం దొరకడమూ సినిమాలో చూపినంత తేలిక కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లో తెచ్చిన ప్రజా భద్రత చట్టం ప్రకారం జనం గుమిగూడే దుకాణాలు, హాళ్లు, ఆసుపత్రులు కెమెరాలు పెట్టి, ముప్పై రోజుల దృశ్యాలు దాచాలి. ఆ గడువు దాటాక పాతవాటి మీదే కొత్తవి ఎక్కుతుంటాయి. ‘ఏడాది క్రితం ఆ మాల్‌లో ఎవరున్నారో చూడు’ అని హీరో ఆజ్ఞాపించే సన్నివేశాలు అక్కడే తేలిపోతాయి.

రోడ్డు చెప్పే తేదీ

సైబరాబాద్‌లో తీసిన ఛేజ్‌కు ఒక ప్రమాదం ఉంది. ఈ ప్రాంతం ప్రతి రెండేళ్లకు రూపం మార్చుకుంటుంది, కాబట్టి నేపథ్యంలోని కట్టడమే తేదీ చెప్పేస్తుంది. మియాపూర్ మెట్రో స్టేషన్ 2017 నవంబరు 28న ప్రారంభమైంది. ‘గూఢచారి’ విడుదలైన ఆరు రోజులకు, 2018 ఆగస్టు 9న, రాయదుర్గంలో ఐకియా తెరుచుకుంది. దుర్గంచెరువు తీగల వంతెన 2020 సెప్టెంబరులో వచ్చింది. 2015లో జరిగినట్టు చెప్పే కథలో ఆ తీగలు కనిపించాయంటే కళా విభాగం నిద్రపోయిందన్నమాట.

మదీనాగూడకు ఇంకో ఆనవాలు ఉంది. ఎల్బీనగర్ నుంచి వచ్చే మెట్రో స్తంభాలు మియాపూర్‌తో ఆగిపోయాయి. అక్కడి నుంచి పటాన్‌చెరు దాకా పొడిగింపు రెండో దశ ప్రతిపాదనల్లో ఉంది. కాబట్టి ఇప్పటిదాకా వచ్చిన ఏ సినిమాలోనైనా ‘మదీనాగూడ’ అని చెప్పి మెట్రో స్తంభాల మధ్య కార్లు పరుగెత్తిస్తే, ఆ దృశ్యం తీసింది మరెక్కడో. ఆ రోడ్డు నంబరు కూడా సాక్ష్యమే. ఒకప్పటి తొమ్మిదో నంబరు జాతీయ రహదారి 2010 నాటి మార్పుల్లో 65 అయింది.

అన్నిటికన్నా నిక్కచ్చి సాక్షి నంబర్ ప్లేటు. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడ్డాక కొత్త వాహనాలకు ‘టీఎస్’ వచ్చింది. 2024 మార్చి నుంచి ‘టీజీ’ మొదలైంది. పాత వాహనాలు పాత అక్షరాలతోనే తిరుగుతున్నాయి. అందువల్ల 2018 కథలో ‘ఏపీ 28’ కారు ఉంటే తప్పు లేదు, రంగారెడ్డి జిల్లాకు ఒకప్పుడు అదే గుర్తు. 2010 నాటి ఫ్లాష్‌బ్యాక్‌లో వెనక లేన్‌లో ‘టీఎస్ 07’ బండి పోతే మాత్రం తప్పే. హీరో కారుకు స్టిక్కర్ మార్చడం తేలిక. నేపథ్యంలో తిరిగే వంద బళ్లకు మార్చడం కష్టం. ఈ దోషాల్లో చాలావరకు అక్కడే పుడతాయి.

విలన్ సూట్‌కేసుదీ ఇదే కథ. పాత వెయ్యి నోటు 2016 నవంబరు 8 రాత్రి రద్దయింది. రెండు వేల నోటు ఆ తర్వాత వచ్చి, 2023 మేలో ఉపసంహరణలోకి వెళ్లింది. నోటు చూస్తే కథ ఏ కాలానిదో చెప్పొచ్చు. బరువు చూస్తే ఎంత అబద్ధమో కూడా చెప్పొచ్చు. పది కోట్లు ఐదు వందల నోట్లలో అంటే రెండు లక్షల నోట్లు. ఒక్కోటి గ్రాముకు కాస్త ఎక్కువే తూగుతుంది. రెండు వందల కిలోలు దాటిన ఆ సూట్‌కేసును హీరో ఒంటిచేత్తో హెలికాప్టర్‌లోకి విసురుతాడు.

విదేశాల సంగతికొస్తే, తెలుగు నిర్మాతకు రామోజీ ఫిలిం సిటీ పెద్ద అండ. ప్రపంచంలోనే అతి పెద్ద స్టూడియో ప్రాంగణంగా గిన్నిస్ గుర్తించిన చోటు, 1,666 ఎకరాలు. అక్కడి విమానాశ్రయం, రైల్వే స్టేషన్ సెట్లు ఎన్ని దేశాల పేర్లు మోశాయో. శ్రద్ధగా చూసే ప్రేక్షకుడు అవే మెట్లను, అదే గడియారాన్ని వేర్వేరు ‘దేశాల్లో’ గుర్తుపడతాడు.

చప్పుడు లేని తుపాకీ

తుపాకీ పేలితే దగ్గర్లో సుమారు 160 డెసిబెళ్ల మోత. సైలెన్సర్ బిగిస్తే ఇరవై నుంచి ముప్పై ఐదు డెసిబెళ్లు తగ్గుతుంది. అంటే మిగిలేది 125కు పైమాటే, పక్క గదిలో నిద్రపోయేవాళ్లను లేపేంత. తెర మీద వినిపించే ‘తుస్’మనే శబ్దం సౌండ్ ఇంజనీర్ సృష్టి. పాత సినిమాల్లో దాన్ని రివాల్వర్‌కు బిగించడం ఇంకా పెద్ద తప్పు. రివాల్వర్‌లో గుండ్లు తిరిగే చక్రానికీ గొట్టానికీ మధ్య సన్నని సందు ఉంటుంది. వాయువు, చప్పుడు అటునుంచే బయటికి వస్తాయి, ముందు ఏం బిగించినా ఒరిగేది పెద్దగా ఉండదు. రష్యా వారి నాగాన్ రివాల్వర్ దీనికి అరుదైన మినహాయింపు, దాని చక్రం పేలే ముందు జరిగి సందు మూసేస్తుంది.

ఎర్ర తీగా, నీలం తీగా అన్న సన్నివేశం గురించి హైదరాబాద్‌లో తేలిగ్గా మాట్లాడలేం. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ దగ్గర పేలిన బాంబులు 42 మందిని బలి తీసుకున్నాయి. అదే రాత్రి దిల్‌సుఖ్‌నగర్ పాదచారుల వంతెన దగ్గర పేలని బాంబు ఒకటి దొరికితే నిర్వీర్యం చేశారు. అలాంటి దళాలు వీలైనంతవరకు మనిషిని దూరంగా ఉంచుతాయి. జనాన్ని ఖాళీ చేయించి, రోబోనో, అతివేగంగా నీటిని చిమ్మి పరికరాన్ని విడగొట్టే యంత్రాన్నో వాడతాయి. పెట్టినవాడు తీగలకు రంగుల నియమం పాటించడు. ఎదుటివాళ్లు చదువుకోవడానికి ఎర్ర అంకెల గడియారం బిగించాల్సిన అవసరమూ వాడికి లేదు.

విశాఖ సముద్రంలో

తెలుగు నేల మీద జరిగిన అసలు గూఢచర్యం ఒకటుంది. అది తెర మీదికి వచ్చేటప్పుడు చాలా మారింది. సంకల్ప్ రెడ్డి ‘ఘాజీ’ 2017 ఫిబ్రవరి 17న విడుదలై, తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది. 1971 యుద్ధంలో విశాఖ దగ్గర మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ కథ అది. సినిమాలో ఎస్-21 అనే భారత జలాంతర్గామి దాన్ని నీటి అడుగునే వెంటాడి ధ్వంసం చేస్తుంది.

చరిత్రలో ఎస్-21 ఐఎన్ఎస్ కరంజ్ నంబరు. ఆ యుద్ధంలో కరంజ్ ఉన్నది పడమటి సముద్రంలో, కరాచీ వైపు. ఘాజీ డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి మునిగింది. భారత నౌకాదళం ఆ ఘనతను ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే డిస్ట్రాయర్‌కు ఇచ్చింది. ఘాజీ లోపలే జరిగిన పేలుడో, అది పరిచిన మందుపాతరో కారణమని పాకిస్థాన్ వాదన. పూర్తిగా నీటిలో మునిగి ఉన్న జలాంతర్గామి మరో మునిగి ఉన్న జలాంతర్గామిని ధ్వంసం చేసిన సంఘటన చరిత్రలో ఒక్కటే నమోదైంది. 1945 ఫిబ్రవరి 9న నార్వే తీరంలో బ్రిటన్ వారి వెంచరర్ జర్మనీ యూ-864ను ముంచింది. సినిమా తాను కల్పితమని ముందే చెప్పుకుంది, కాబట్టి మోసమని అనలేం. థియేటర్ నుంచి బయటికొచ్చిన చాలామంది దాన్నే చరిత్ర అనుకోవడం మాత్రం జరిగింది.

ఇందులో విచారించాల్సింది ఇంకొకటి. అసలు కథ సినిమా కథకన్నా గూఢచారి కథలా ఉంటుంది. ఘాజీ వచ్చింది విమానవాహక నౌక విక్రాంత్ కోసం. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ను రహస్యంగా అండమాన్ వైపు పంపేసి, అది విశాఖ పరిసరాల్లోనే ఉన్నట్టు శత్రువును నమ్మించారు. చిన్న నౌక రాజ్‌పుత్‌ను పంపి విక్రాంత్‌లా వైర్‌లెస్ సందేశాలు మోగించారు. రహస్య లిపి లేకుండా ఒక నావికుడి పేరుతో తల్లి ఆరోగ్యం అడుగుతున్నట్టు టెలిగ్రాం పంపించారు, శత్రువు వినాలనే. పెద్ద నౌకకు సరిపడా మాంసం, కూరగాయలు విశాఖలోని కాంట్రాక్టర్లకు పురమాయించారు. బజారులో మాట బయటికి పొక్కుతుందని ఆయనకు తెలుసు. తుపాకీ పేల్చకుండా, కూరగాయల జాబితాతో శత్రువును తప్పుదారి పట్టించిన ఈ ఘట్టాన్నే కేంద్రంగా చేసుకుని తెలుగులో ఇంకా సినిమా రావాలి. ఆ కాలపు జలాంతర్గామి లోపల ఎంత ఇరుకో చూడాలనుకునేవాళ్లకు ఎస్-20 నంబరు కురుసుర 2002 నుంచి విశాఖ రామకృష్ణా బీచ్‌లో మ్యూజియంగా ఉంది.

కత్తిరింపులో మిగిలినవి

మిగతా తప్పులు అన్ని సినిమాలకూ ఉండేవే. వరుసగా కనిపించే రెండు షాట్లు తీసిన రోజుల మధ్య వారాలు గడిచి ఉంటాయి. గాయం ఎడమ కనుబొమ్మ మీద నుంచి కుడికి మారుతుంది, గ్లాసులో నీళ్లు పెరుగుతాయి. కంటిన్యుటీ చూసే అసిస్టెంట్ డైరెక్టర్ ప్రతి షాట్ చివర ఫొటో తీసుకుని పెట్టుకునేది ఇందుకే. యాక్షన్ సినిమాలో ఈ పని రెట్టింపు, ఎందుకంటే పోరాటంలో హీరో, డూప్ మారుతూ ఉంటారు, చొక్కా ప్రతి దెబ్బకూ ఇంకాస్త చిరగాలి. హ్యాకింగ్ తెరల్లో ఐపీ అడ్రసు అంకె 255 దాటి కనిపిస్తే నవ్వేవాళ్లు సైబరాబాద్‌లో చాలామంది ఉన్నారు. అది చాలాసార్లు తప్పు కాదు, కావాలని చేసిందే. నిజమైన అడ్రసు చూపిస్తే ఎవరిదో ఒకరిది అవుతుంది.

ఫోన్ నంబర్ల దగ్గర ఆ జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో 2024 అక్టోబరు 31న తెలుగు, తమిళాల్లో వచ్చిన ‘అమరన్’ చూపించింది. సైనికాధికారి కథ అది. కథానాయిక రాసిచ్చిన చీటీ మీద కనిపించిన పది అంకెలు చెన్నైలో ఒక విద్యార్థి వాడుతున్న నంబరు. సినిమా చూసిన అభిమానులు ఆగకుండా ఫోన్లు చేశారు. ఆ విద్యార్థి కోటీ పది లక్షల పరిహారం కోరుతూ నోటీసు పంపి, తర్వాత కోర్టుకు వెళ్లాడు. నిర్మాణ సంస్థ క్షమాపణ చెప్పి ఆ అంకెలను తొలగించింది. రీళ్ల కాలంలో ఇలాంటి దిద్దుబాటుకు ఒక్కో ప్రింటూ వెనక్కి తెప్పించాల్సి వచ్చేది. డిజిటల్ ప్రదర్శనలో కొత్త ఫైలు పంపితే చాలు. అయితే ధ్రువీకరణ పొందిన సినిమాలో మార్పు కాబట్టి, సవరించిన భాగాన్ని సెన్సార్ బోర్డుకు చూపించి ఆమోదం తీసుకున్నాకే అది తెర మీదికి వెళ్తుంది.